గురకకు మార్కులు

శ్రోతలకు నమస్కారం.

గురక పెట్టేవాడికి ఒక సుఖం ఉంది. తన గురక తనకు వినపడదు. చిక్కంతా అక్కడే. గురక ఆపే వస్తువు కొనేది వాడు, అది పనిచేసిందో లేదో తెలిసేది పక్కన పడుకున్న మనిషికి. నేను డాక్టర్ని కాను. ఇరవై ఏళ్లుగా గుర్రుపెడుతున్నవాణ్ణి, ఆన్‌లైన్లో కనపడిన సరుకల్లా కొన్నవాణ్ణి. ఆ అర్హతతోనే ఈ నాలుగు మాటలు.

మొదట కొన్నది ముక్కుకు తగిలించుకునే అయస్కాంతం క్లిప్పు. ఎద్దుకు ముకుతాడు వేసినట్టుందని మా ఆవిడ నవ్వింది. ఆ రాత్రి గురక రాలేదట. మర్నాడే ముగ్గురు స్నేహితులకు దాని గొప్ప చెప్పాను. నాలుగో రాత్రి ఆవిడ దిండు చంకన పెట్టుకుని హాల్లోకి వెళ్లిపోయింది.

గురక రోజూ ఒకేలా ఉండదు. జలుబు చేసినప్పుడు, మద్యం పుచ్చుకున్నప్పుడు, వెల్లకిలా పడుకున్నప్పుడు పెరుగుతుంది. మనం క్లిప్పు కొనేదేమో అది మరీ భరించలేనంతగా ఉన్న రోజుల్లో. ఆ తర్వాత ఏమీ చేయకపోయినా కాస్త తగ్గుతుంది. ఆ పేరు క్లిప్పు కొట్టేస్తుంది. "వాడాను, అద్భుతం" అనే మాటల్లో చాలావాటి వెనక ఉన్నది ఇదేనని నా అనుమానం.

అప్పుడు మా ఆవిడ ఒక పద్ధతి పెట్టింది. వంటింటి గోడ మీది క్యాలెండర్లో పాల లెక్క రాసుకునే గడిలోనే, పక్కన పెన్సిల్‌తో గురకకు మార్కు. వినపడకపోతే సున్నా. తనకు మెలకువ వస్తే ఒకటి. నన్ను తట్టి పక్కకు తిప్పాల్సి వస్తే రెండు. హాల్లోకి పోవాల్సి వస్తే మూడు. ముందు పదిహేను రోజులు ఏ ఉపాయమూ లేకుండా, తర్వాత పదిహేను రోజులు ఒకే ఒక్కదానితో. రెండు కలిపి వాడటానికి వీల్లేదు.

ఆ లెక్కన క్లిప్పు ఉన్నా లేకపోయినా ఒకటే. ముక్కు మీద అతికించే పట్టీ మాత్రం జలుబు రోజుల్లో కొంత నయం. అది స్ప్రింగులా ముక్కుపుటాలను విప్పి ఉంచుతుంది కాబట్టి, ఇరుకు ముక్కులో ఉన్నవాళ్లకు పనికొస్తుంది. నా ఇరుకు గొంతులో ఉంది. నిద్రలో కండరాలు సడలి, నాలుక మొదలు వెనక్కి జారి, గాలి దారి సన్నబడుతుంది. ఆ సందులోంచి దూరే గాలికి అంగిలి వెనకున్న మెత్తటి భాగం, కొండనాలుక అదిరితే వచ్చే చప్పుడే గురక. వంటింటి తలుపు కిర్రుమంటుంటే వీధి తలుపుకు నూనె రాసి ఏం లాభం?

చవకలో నెగ్గింది టెన్నిస్ బంతి. పాత బనియను వీపున జేబు కుట్టి అందులో పెట్టుకుంటే వెల్లకిలా తిరగనివ్వదు. మూళ్లు ఒకట్లయ్యాయి. కానీ నాకు నిద్ర కరువై, పదో రోజున బంతిని మనవడికి ఇచ్చేశాను. బంధువులు చెప్పిన నెయ్యి చుక్కలు మార్కులను కదిలించలేదు. పైగా పడుకోబోయేముందు రోజూ ముక్కులో నూనె, నెయ్యి వేసుకుంటే అవి ఊపిరితిత్తుల్లోకి జారి ఒక రకం న్యుమోనియా తేవచ్చట. మూతికి టేపు వేసుకోమనే సలహా ఈమధ్య ఫోన్లలో తిరుగుతోంది. ముక్కు దిబ్బడ ఉన్నవాళ్లకు అది ప్రమాదం, నేను దాని జోలికి పోలేదు.

నన్ను ఆశ్చర్యపరిచింది డిడ్జెరిడూ. ఆస్ట్రేలియా ఆదివాసీల పొడవాటి కొమ్ము వాద్యం. స్విట్జర్లాండ్‌లో 25 మంది మీద చేసిన పరిశోధన 2006లో అచ్చయింది. అందులో కొందరికి నాలుగు నెలలు ఆ వాద్యం నేర్పారు, మిగతావాళ్లను ఆగమన్నారు. ఊదినవాళ్లకు నిద్రలో ఊపిరి ఆగడం, పగటి మగత తగ్గాయి. కొందరిని ఊరికే ఉంచి పోల్చి చూశారు కదా, అందుకే నమ్మాను. మన నాదస్వర విద్వాంసుల గురక సంగతి కూడా ఎవరైనా చూస్తే బాగుండును.

ఒక రాత్రి మా ఆవిడ ఫోన్లో రికార్డు చేసి వినిపించింది. ఫ్యాను చప్పుడు. నా గుర్రు. ఉన్నట్టుండి నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఆవిడ గొంతు, మెల్లగా: "ఒకటి, రెండు, మూడు..." పద్నాలుగు దాకా లెక్కపెట్టింది. అప్పుడు నీళ్లలోంచి పైకి తేలినవాడిలా నేను ఖర్రుమన్నాను. మా పద్ధతి ప్రకారం ఆ పద్నాలుగు సెకన్లకూ సున్నా మార్కే! చప్పుడు తగ్గించే స్ప్రేలూ క్లిప్పులూ కొలవలేనిది దీన్నే.

నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బును స్లీప్ ఆప్నియా అంటారు. పది సెకన్లో ఆపైనో ఊపిరి ఆగితే దాన్ని అందులో ఒక లెక్కగా రాస్తారు. ఊపిరి సగంలో సన్నబడినవీ కలుపుతారు. గంటకు 5 దాటితే జబ్బు మొదలైనట్టు, 15 దాటితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. పగలు కూర్చున్నచోటే కునుకు, పొద్దున్నే తలనొప్పి, మందులకు లొంగని బీపీ ఉంటే ఇక క్లిప్పుల దుకాణం కట్టేసి నిద్ర పరీక్ష చేయించుకోవాలి. నాకు 22 వచ్చింది.

అక్కడ చెప్పిన దారులు మూడు. ఒంటి బరువులో పదో వంతు తగ్గితే ఆ అంకె దాదాపు నాలుగో వంతు తగ్గుతుందని ఒక పెద్ద పరిశోధనలో తేలింది. కింది దవడను ముందుకు పట్టి ఉంచే పళ్ల పరికరం మరొకటి, దాన్ని డెంటిస్టు కొలత తీసి చేయాలి, కొందరికి దవడ నొప్పి పెడుతుంది. మూడోది సీపాప్ మెషిన్. సిడ్నీలో కోలిన్ సలివాన్ అనే వైద్యుడు 1981లో దీని గురించి ప్రకటించాడు. అంతకుముందు తీవ్రమైన కేసుల్లో గొంతుకు రంధ్రం చేయడమే ప్రధాన దారి. ఆయన మాస్కుతో ముక్కులోకి గాలిని ఒత్తిడిగా పంపి గొంతు మూసుకుపోకుండా నిలబెట్టాడు. తొలినాళ్లలో గాలి ఊదింది వాక్యూమ్ క్లీనర్ మోటారు.

నేను మెషిన్ తీసుకున్నాను. మాస్కు అలవాటవడానికి నెల పట్టింది, ముక్కు మీద గాటు పడింది, మనవడు పైలట్ తాతయ్య అంటున్నాడు. క్యాలెండర్ గడుల్లో మళ్లీ పాల లెక్క ఒక్కటే మిగిలింది. మొన్న గాలివానకు అర్ధరాత్రి కరెంటు పోయి మెషిన్ ఆగింది. మాస్కు తీసేసి పడుకున్నాను. పొద్దున్న కాఫీకి వంటింట్లోకి వెళ్తే, లీటరు పాల పక్కన పెన్సిల్‌తో మూడు.