ఏక్యూఐ చూస్తున్నాం సరే, అందులో బెంజీన్ ఏది?

నిర్వాహకురాలు: హైదరాబాద్‌లో చాలామంది పొద్దున్నే ఫోన్‌లో ఏక్యూఐ, అంటే గాలి నాణ్యత సూచీ, చూసుకుని వాకింగ్‌కి బయల్దేరుతున్నారు. ప్రొఫెసర్ గారూ, పెట్రోలు ఆవిరిలో, పొగలో ఉండే బెంజీన్ లాంటి హైడ్రోకార్బన్ల లెక్క ఆ అంకెలో ఉంటుందా?

ప్రొఫెసర్: లేదండీ. మన ఏక్యూఐని ఎనిమిది కాలుష్య కారకాలతో లెక్కగడతారు. వాటిలో బెంజీన్ లేదు. 2009 జాతీయ గాలి నాణ్యత ప్రమాణాల్లో మాత్రం ఉంది. ఏడాది సగటు ఘనపు మీటరు గాలికి 5 మైక్రోగ్రాములు దాటకూడదు. పొగలో వచ్చే మరో హైడ్రోకార్బన్ బెంజోపైరీన్‌కైతే 1 నానోగ్రామే. కొలవమని నిబంధన ఉండి, జనం చూసే అంకెలోకి మాత్రం రాకపోవడమే నా బాధ.

డాక్టర్: నాదీ అదే బాధ. బెంజీన్ వల్ల రక్త క్యాన్సర్ వస్తుందని ఎప్పుడో తేలిపోయింది. ఇంతవరకు పీల్చినా ఏమీ కాదని చెప్పగలిగే హద్దే లేదు.

నిర్వాహకురాలు: కంటికి కనపడని ఆవిరిని ఎలా పట్టుకుంటారు సార్?

ప్రొఫెసర్: గాలిని సన్నటి గొట్టంలోకి లాగుతాం. లోపలి పొడి ఆవిరిని పట్టి ఉంచుతుంది. తర్వాత గొట్టాన్ని వేడిచేస్తే వదిలేస్తుంది. అది ఆవిరుల్ని విడదీసే గ్యాస్ క్రొమటోగ్రాఫ్ అనే యంత్రంలోకి వెళ్తే ముందు బెంజీన్, తర్వాత దాని తరహావే అయిన టొలుయిన్, ఆ వెనక జైలీన్ బయటికొస్తాయి. బెంజోపైరీన్ దారి వేరు, అది దుమ్ముకి అంటుకుని ఉంటుంది. ఫిల్టర్ కాగితం మీద దుమ్ము పట్టి, ద్రావకంలో కరిగించి వేరుచేయాలి. ఆ కాగితాన్ని వెలుగు తగలకుండా, చల్లగా దాచాలి. లేకపోతే ల్యాబ్‌కి చేరేలోపే కొంత పోతుంది.

నిర్వాహకురాలు: సనత్‌నగర్‌లో, పాశమైలారంలో గాలిని కొలిచే స్టేషన్లున్నాయి కదా. ఆ లెక్కలు చూస్తే పొగ ఎవరిదో తెలుస్తుందా?

ప్రొఫెసర్: కొంతవరకు. వాహనాల పొగలో టొలుయిన్ సాధారణంగా బెంజీన్‌కి రెండు మూడు రెట్లుంటుంది. రాత్రిపూట పారిశ్రామికవాడలో టొలుయిన్ ఒక్కసారిగా ఎగబాకితే దాన్ని ద్రావకంగా వాడే ఫ్యాక్టరీల వైపు చూడాలి. అయితే ఎండలో బెంజీన్ కంటే టొలుయిన్ త్వరగా విరిగిపోతుంది. దూరం నుంచి వచ్చిన గాలిలో ఆ నిష్పత్తి తగ్గిపోతుంది. అందుకే గాలి ఎటునుంచి వీచిందో రాసుకోకుండా ఆ అంకెను నమ్మను.

డాక్టర్: ఒక్కమాట సార్. స్టేషన్ ఎక్కడో ఉంటుంది. బంకులో రోజంతా పైపు పట్టుకునే కుర్రాడు పీల్చేది దాని లెక్కలోకి రాదు.

ప్రొఫెసర్: నిజమే మేడమ్. చొక్కా కాలరుకి పెట్టుకునే చిన్న శాంప్లర్లున్నాయి, వాటికి పంపు కూడా అక్కర్లేదు. అతను ఎంత పీల్చాడో వాటితోనే తెలియాలి.

నిర్వాహకురాలు: మాస్కు పెట్టుకుంటే?

డాక్టర్: ఎన్‌95 దుమ్మునే ఆపుతుంది, ఆవిరిని ఆపదు. బంకులో పైపు దానంతట అదే ఆగాక "ఇంకొంచెం పొయ్యి" అనకండి. ట్యాంకులోంచి పైకొచ్చే ఆవిరి ముందు తగిలేది ఆ కుర్రాడి మొహానికే.