క్యూసీ ల్యాబ్ ఇంటర్వ్యూ: టీమ్‌వర్క్ ప్రశ్నకు ఏమి చెప్పాలి?

నమస్కారం. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తిచేసి జీడిమెట్లలోనో, పాశమైలారంలోనో, పరవాడ ఫార్మా సిటీలోనో క్వాలిటీ కంట్రోల్ (క్యూసీ, అంటే మందుల నాణ్యత పరీక్షించే) ఉద్యోగం కోసం ఇంటర్వ్యూకు వెళ్తున్నవారి కోసం ఈ వీడియో.

మందులోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం హెచ్‌పీఎల్‌సీ గురించి గుక్కతిప్పుకోకుండా చెప్పేవారు కూడా ఒక్క ప్రశ్న దగ్గర తడబడతారు: "టీమ్‌లో పనిచేసిన అనుభవం చెప్పండి." వెంటనే "అందరితో బాగా కలిసిపోతాను సార్" అనేస్తారు. ఎదుట కూర్చున్నాయన తల ఊపుతారు. అది చూసి మురిసిపోకండి. రాసుకోవడానికి ఆయనకు ఏమీ దొరకలేదు.

పెద్ద ల్యాబ్ మూడు షిఫ్టుల్లో నడుస్తుంది. సాయంత్రం మీరు యంత్రంలో పెట్టిన సీక్వెన్స్, అంటే శాంపిళ్ల వరుస, రాత్రంతా నడుస్తుంటే, మీరు ఇంట్లో నిద్రపోతుంటారు, దాన్ని చూసేది మరొకరు. ఏ కాలమ్ (పదార్థాలను విడదీసే గొట్టం) వేశారు, దానిగుండా పారే ద్రావణం, అంటే మొబైల్ ఫేజ్, ఎప్పుడు తయారుచేశారు, ప్రెజర్ ఎంత ఉంది అన్నవి మీకు ఫోను చేయకుండానే ఆయనకు లాగ్‌బుక్‌లో కనిపించాలి. ల్యాబ్‌లో కలిసి పనిచేయడమంటే చాలావరకు ఇదే. ప్యానెల్ వెతికేదీ దీన్నే.

కాబట్టి ఒక సంఘటన చెప్పండి. ఉదాహరణకు ఇలా: "ఒకరోజు షిఫ్టు అందుకునేసరికి ప్రెజర్ మామూలుకంటే బాగా ఎక్కువగా ఉంది. లాగ్‌బుక్ చూశాను. ఫాస్ఫేట్ బఫర్ నడిచాక కాలమ్ కడిగినట్లు నమోదు లేదు. సూపర్‌వైజర్‌కు చెప్పి, ఆయన అనుమతితో తక్కువ ఫ్లోలో నీటితో కడిగాను. యంత్రం సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే సిస్టమ్ సూటబిలిటీ పరీక్ష పాసయ్యాకే శాంపిల్ పెట్టాను. షిఫ్టు అప్పగింత ఫారంలో కాలమ్ వాష్‌కు ఒక గడి ఉంటే బాగుంటుందని సూచించాను. క్యూఏ (క్వాలిటీ అష్యూరెన్స్ విభాగం) ఆమోదించాక చేర్చారు."

గమనించారా, ముందు షిఫ్టువారి మీద ఒక్క మాట కూడా పడలేదు. ఇంకొకటి, మనకు "నేను చేశాను" అనడం గొప్పలు చెప్పుకున్నట్లు తోస్తుంది, అందుకని అన్నిటికీ "మేము చేశాము" అంటాము. ఇంటర్వ్యూలో ఆ మొహమాటం వద్దు. ఉద్యోగం ఇచ్చేది మీ ఒక్కరికే కదా!

నేను చెప్పిన ఉదాహరణను మాత్రం బట్టీ పట్టకండి. "ప్రెజర్ ఎంత చూపించింది? కాలమ్ పొడవెంత?" అని రెండో ప్రశ్న వస్తే అరువు కథ అక్కడే కూలిపోతుంది. ఫ్రెషర్లయితే కాలేజీలో ఒక్క యూవీ స్పెక్ట్రోఫోటోమీటర్‌ను పదిమంది ఎలా పంచుకున్నారో చెప్పండి, చాలు.

ఇక అసలు మెలిక. "మీ పక్కనున్న అనలిస్టుకు ఫలితం స్పెసిఫికేషన్ (నిర్ణయించిన పరిమితి) దాటి వచ్చింది. ద్రావణాలు పారబోసి మళ్లీ చేద్దాము, ఎవరికీ చెప్పవద్దు అన్నాడు. ఏమి చేస్తారు?" స్నేహం చూపించాలనుకుని ఇక్కడ జారిపోయినవారిని చాలామందిని చూశాను. ద్రావణాలు, వయల్స్ అలాగే ఉంచాలి, వెంటనే సూపర్‌వైజర్‌కు చెప్పాలి, ముందు ల్యాబ్ విచారణ జరగాలి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2006లో ఇచ్చి 2022లో సవరించిన ఓఓఎస్ (స్పెసిఫికేషన్ దాటిన ఫలితాల) మార్గదర్శకం చెప్పేదీ ఇదే. "ముందు అతనితో మాట్లాడి, ఇద్దరం కలిసే సూపర్‌వైజర్ దగ్గరకు వెళ్తాము" అనండి. తోడు నిలిచినట్లూ ఉంటుంది, నియమం తప్పినట్లూ ఉండదు.

పాస్‌వర్డ్ అడిగినా అంతే. మీ లాగిన్‌తో అతను పనిచేస్తే ఎవరు ఎప్పుడు ఏమి చేశారో కంప్యూటర్ నమోదు చేసే ఆడిట్ ట్రయల్‌లో మీ పేరే పడుతుంది. నిన్నటి సంతకం ఈరోజు పెట్టమన్నా జవాబు మారదు.

ఈ రాత్రికే మీ సంఘటన ఒకటి ఫోనులో రికార్డు చేసుకుని వినండి. రెండు నిమిషాలు దాటితే కోయండి. ముందుగా పోవలసింది కంపెనీ పరిచయం.