రెండు బొమ్మలు ఒకటయ్యే చోటు

పెద్దలకు, స్టూడియో మిత్రులకు, వెనక వరసల్లో కూర్చున్న విద్యార్థులకు నమస్కారం.

1839లో ఆగస్టు 19న ఫ్రాన్సు ప్రభుత్వం డాగురే కనిపెట్టిన ఫోటో పద్ధతిని లోకానికి వెల్లడి చేసింది. అందుకే ఈ రోజు ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవం, మన పండగ. ఏటా ఈ సభలో కొత్త కెమెరాల గురించే మాట్లాడుకుంటాం. ఈసారి నన్ను పాత కెమెరా కొనడం, అమ్మడం గురించి చెప్పమన్నారు. అందులోనూ చేత్తో పట్టుకుని తీసే పెద్ద ఫిల్మ్ కెమెరా గురించి. ఇదిగో, బల్ల మీద ఉన్నది అదే. క్రౌన్ గ్రాఫిక్.

దీనిలో వేసే ఫిల్మ్ రోల్ కాదు, విడి షీటు. 4 అంగుళాలు బై 5 అంగుళాలు, అంటే దాదాపు మన పోస్టుకార్డంత. మామూలు 35 ఎంఎం ఫిల్మ్ ఫ్రేముకి ఇది సుమారు 15 రెట్లు. మన బళ్ళలో గ్రూప్ ఫోటోలు తీసిన చెక్క కెమెరా మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. స్టాండు మీద పెట్టి, నల్లగుడ్డ కప్పుకుని, వెనకున్న గరుకు అద్దం, అంటే గ్రౌండ్ గ్లాస్ మీద తలకిందులుగా పడే బొమ్మని చూసి ఫోకస్ చేసేవారు. ఇదీ ఆ జాతిదే. కానీ నల్లగుడ్డ కప్పుకునే తీరిక లేని పత్రికా ఫోటోగ్రాఫర్ల కోసం చేసినది. దీని అన్న స్పీడ్ గ్రాఫిక్ అమెరికాలోని రాచెస్టర్‌లో 1912లో మొదలై 1973 దాకా తయారైంది. 1945 ఫిబ్రవరి 23న జపాన్ దీవి ఇవో జిమాలో ఒక కొండ మీద అమెరికా సైనికులు జెండా ఎత్తుతున్న ఫోటోని జో రోసెంతాల్ తీసింది స్పీడ్ గ్రాఫిక్‌తోనే. మన దేశపు తొలి మహిళా పత్రికా ఫోటోగ్రాఫర్ హోమాయ్ వ్యారావాలా చేతిలోనూ ఆ కెమెరా ఉండేది. దాన్ని ఎత్తి పట్టుకుంటే చెయ్యి లాగేస్తుంది. ఆవిడ చీరకట్టుతో జనంలో దూరి దానితో ఫోటోలు తీసిందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇక అసలు సంగతికి వస్తాను. నా మొదటి కొనుగోలు ఎలా జరిగిందో చెబితే మీకే అర్థమవుతుంది.

చాలా ఏళ్ళ కిందట వేరే ఊళ్ళో ఒక వ్యాపారి దగ్గర స్పీడ్ గ్రాఫిక్ కొన్నాను. ఆయన షట్టర్ కొట్టి చూపించాడు. రేంజ్‌ఫైండర్లో వీధి చివర ఉన్న బోర్డు చూపించాడు. రేంజ్‌ఫైండర్ అంటే ఫోకస్ కుదిరిందో లేదో చూపే చిన్న కిటికీ. అందులో రెండు బొమ్మలు కనిపిస్తాయి కదా, అవి కలిస్తే ఫోకస్ కుదిరినట్టు. ఫోకస్ తిప్పితే అవి చక్కగా ఒకటయ్యాయి. గ్రౌండ్ గ్లాస్ మీద కూడా బోర్డు అక్షరాలు తేటగా ఉన్నాయి. డబ్బిచ్చి తెచ్చుకున్నాను.

ఆ ఏడు విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి, ఫిల్మ్ షీట్లు పెట్టే హోల్డర్లు 8 నింపుకుని వెళ్ళాను. హోల్డరుకి రెండు షీట్ల చొప్పున 16 ఫోటోలు. సిరిమాను వచ్చేలోగా తప్పెటగుళ్ళ బృందం ఒకటి నా ముందుకొచ్చింది. రెండున్నర మీటర్ల దూరంలో, వెలుతురు తగ్గుతుంటే, లెన్సు పూర్తిగా తెరిచి, ఎగురుతున్న కళాకారుడి మీద రెండు బొమ్మలూ కలిపి కలిపి తీశాను. ఆ రాత్రే డెవలప్ చేశాను. దూరం నుంచి తీసిన సిరిమాను బాగానే ఉంది. కానీ దగ్గరగా తీసిన ప్రతి నెగటివ్‌లోనూ కళాకారుడి ముఖం మసక. అతని భుజం వెనక అడుగు దూరంలో ఉన్న రెండో మనిషి మెడ మీద చెమట చుక్కలు మాత్రం లెక్కపెట్టొచ్చు. ఆ నెగటివ్‌లు ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి. చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది.

కారణం కనుక్కోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఆ కెమెరా రేంజ్‌ఫైండర్ 127 ఎంఎం లెన్సుకి సరిచేసి ఉంది. మధ్యలో ఎవరో లెన్సు మార్చి 135 బిగించారు. అలా బిగించినప్పుడు అనంత దూరానికి ఆపే స్టాపుల్ని జరిపారు గనుక దూరపు బోర్డు సరిగ్గా కలిసింది. దగ్గరికి వచ్చేసరికి 135 లెన్సు ఇంకొంచెం ముందుకు జరగాలి, ఆ సంగతి రేంజ్‌ఫైండరుకి తెలియదు. రెండున్నర మీటర్ల దగ్గర లెన్సు తేడా మిల్లీమీటరు కూడా ఉండదు, ఫోకస్ మాత్రం దాదాపు 30 సెంటీమీటర్లు వెనక్కి పోతుంది. ఆ దూరంలో, ఆ తెరుపులో స్పష్టంగా వచ్చే లోతంతా కలిపితే జానెడుకి కాస్త ఎక్కువ. ఇంక ముఖం ఎక్కడ దొరుకుతుంది?

అమ్మినాయన నన్ను మోసం చేశాడని నేను అనను. స్టాండు మీద పెట్టి గ్రౌండ్ గ్లాస్ చూసి తీసేవాడికి అది నిజంగానే మంచి కెమెరా. కానీ చేత్తో తీసేవాడికి అది పనికిరాదు. ఒకే వస్తువు ఒకరికి బాగున్నట్టు, ఇంకొకరికి పాడైనట్టు. అందుకే అమ్మేవాళ్ళు "వర్కింగ్ కండిషన్" అంటే సరిపెట్టుకోకండి. చేత్తో పట్టుకుని తీసి చూశారా, ఎంత దగ్గర్లో తీశారు అని అడగండి.

పరీక్ష కష్టమేమీ కాదు. కెమెరాని స్టాండు మీద పెట్టండి. టైలరు టేపు బల్ల మీద ఏటవాలుగా పరిచి, ఒక అంకె మీద రేంజ్‌ఫైండర్లో బొమ్మలు కలపండి. తర్వాత భూతద్దం పెట్టి గ్రౌండ్ గ్లాస్ మీద చూడండి. అదే అంకె తేటగా ఉండాలి. మీటరున్నర, మూడు మీటర్లు, దూరాన ఒక గోపురమో టవరో, మూడు చోట్లా కుదరాలి. పక్కన రేంజ్‌ఫైండర్ ఉన్న పాత మోడల్‌ని లెన్సుకి తగ్గట్టు సర్దుకోవచ్చు. పైన రేంజ్‌ఫైండర్ ఉన్న తర్వాతి మోడల్‌కి మాత్రం లెన్సుకి సరిపడే క్యామ్, అంటే లెన్సు కదలికని రేంజ్‌ఫైండరుకి అందించే చిన్న లోహపు ముక్క, లోపల ఉండాలి. అది లేకపోతే విడిగా వెతుక్కోవాలి, దొరకడం కష్టం.

గ్రౌండ్ గ్లాస్‌నీ గుడ్డిగా నమ్మకండి. దాని గరుకు వైపు లెన్సు వైపుకి ఉండాలి. తుడవడానికి తీసి తిరగేసి బిగించిన కెమెరాలు చూశాను. ఖాయంగా తెలియాలంటే ఫోటో తీయాల్సిందే. షీట్ ఫిల్మ్ ఖరీదు అనుకుంటే ఫోటోలు ప్రింటు వేసే బ్రోమైడ్ పేపర్ ముక్క కోసి హోల్డర్లో పెట్టండి. వెలుతురుని పట్టే వేగం దానికి చాలా తక్కువ కాబట్టి ఎండలో తీయాలి. ఎర్రలైటు కిందే కడిగి అరగంటలో ఫలితం చూసుకోవచ్చు. కొనడానికి వెళ్ళేటప్పుడు నేను పేపర్ నింపిన హోల్డర్ ఒకటి సంచీలో వేసుకునే వెళ్తాను.

మిగతావి తొందరగా చెబుతాను. బెలోస్ అంటే హార్మోనియం తిత్తిలా మడతలు పడే భాగం. దాన్ని పూర్తిగా చాచి, చీకటి గదిలో లోపల టార్చి వెలిగిస్తే మడతల మూలల్లో చిల్లులు నక్షత్రాల్లా కనిపిస్తాయి. ఒకటి రెండైతే నల్లటి టేపుతో సరిపోతుంది. షట్టర్ని ఫోన్లో స్లోమోషన్ తీయండి. సెకనుకి 240 ఫ్రేముల లెక్కన, 30వ వంతు సెకను అంటే షట్టర్ 8 ఫ్రేముల పాటు తెరిచి కనిపించాలి. లెన్సు వెనక నుంచి టార్చి వేసి చూడండి. మన తీరప్రాంతపు చెమ్మకి సాలెగూడు లాంటి ఫంగస్ పట్టేస్తుంది. అద్దం మీద సన్నటి గీతలున్నా నేను కొంటాను. ఫంగస్ కోటింగుని తినేసి ఉంటే మాత్రం కొనను.

ఇప్పుడు అమ్మడం గురించి. ఈ బల్ల మీది కెమెరా నాది కాదు. శ్రీకాకుళంలో స్టూడియో నడిపిన ఒక పెద్దాయనది. ఆయన పోయాక వాళ్ళావిడ నాకిచ్చి అమ్మిపెట్టమంది. "ఏటి పాడైపోయిందో కొనేవోల్లకి చెప్పీ బాబూ. రేపు మనింటికొచ్చి ఎవలూ అడక్కూడదు" అంది. నేను ఇన్నేళ్ళలో నేర్చుకున్నది ఆవిడ ఒక్క మాటలో చెప్పేసింది.

అందుకని అన్నీ మీ ముందే చెబుతున్నాను. బెలోస్‌కి కింది మూలన రెండు చిల్లులుంటే టేపు వేశాను. ఒక సెకను పెడితే షట్టర్ దాదాపు రెండు సెకన్లు తీసుకుంటోంది. 25వ వంతు నుంచి పైవి బాగున్నాయి. లెన్సు 135, రేంజ్‌ఫైండర్ దానికే సర్దాను. టేపు పెట్టి తీసిన రెండు నెగటివ్‌లు ఈ కవర్లో ఉన్నాయి. ఒకటి మీటరున్నర దగ్గర తీసింది, ఇంకోటి మూడు మీటర్ల దగ్గర తీసింది. హోల్డర్లు ఆరు, వాటిలో నాలుగో నంబరు దాంట్లో వెలుతురు దూరుతుంది, దాని మీద రాశాను. ఇంకో మాట. కెమెరా మూసేటప్పుడు లెన్సు జరిగే ట్రాకుని పూర్తిగా వెనక్కి తిప్పి, స్టాపులు మడిచి, అప్పుడే లెన్సుని లోపలికి తోయాలి. ఆదరాబాదరాగా తోస్తే పట్టాలు వంగిపోతాయి. కొన్నవాళ్ళకి నేను దగ్గరుండి చూపిస్తాను.

ధర కవరు మీద రాసి ఉంది, అది ఆవిడ చెప్పినదే. టీ తాగి రండి. కిటికీలోంచి దూరంగా టవరు కనిపిస్తోంది, బల్ల మీద టేపు పరిచి ఉంచాను. కెమెరా ఎత్తి పట్టుకుని ముందు టవరు మీద, తర్వాత టేపు మీద బొమ్మలు కలిపి చూడండి. తొందరేమీ లేదు, సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను. నమస్కారం.