కిటికీ ఉన్న గది ఒక్కటే

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తున్నాను, ఈ కథలో కోటలూ కత్తులూ రావు. మా కోడలు స్కాట్లండ్‌లోని డండీ ఊరి పిల్ల. వాళ్ళ పెద్దలు జ్యూట్ మిల్లు కూలీలు, అంటే జనపనార మిల్లులో పనిచేసినవాళ్ళు. మనవడికి బళ్ళో వంశవృక్షం గీయమన్నారు. నేను మా వైపు ఏడు తరాలు గడగడా అప్పజెప్పాను. కోడలు ముత్తవ్వ దగ్గరే ఆగిపోయింది. ఆ పంతంతో నేనే వెతకడానికి కూర్చున్నాను.

కూలివాళ్ళు వీలునామాలు రాయరు, ఉత్తరాలు దాచుకోరు. వాళ్ళ జాడ మిగిలింది జనాభా లెక్కల పుస్తకాల్లోనే. స్కాట్లండ్‌లో వాటిని 100 ఏళ్ళు చూడనివ్వరు. 1921వి 2022లో తెరిచారు. అక్కణ్ణుంచి పదేళ్ళకో అడుగు వెనక్కి వేయాలి.

1911లో పెళ్ళైన ఆడవాళ్ళను కొత్తగా అడిగారు: ఎంతమంది పుట్టారు, ఎంతమంది ఉన్నారు? ఆ ముత్తవ్వ వరుసలో 9, 5 అని ఉంది. తీసివేత మనమే చేసుకోవాలి.

1861 నుంచి అక్కడ ఇంకో ప్రశ్న కూడా ఉండేది: కిటికీ ఉన్న గదులెన్ని? 1881లో వీళ్ళకు 1. మనుషులు ఎనిమిది మంది. అందులో ఒకడు అద్దెకు చేరిన పరాయివాడు! తల్లి జ్యూట్ నేసేది, పెద్దపిల్ల వడికేది. డండీ మిల్లులకు తక్కువ కూలికొచ్చే ఆడవాళ్ళూ పిల్లలే కావాలి. పని దొరక్క ఇంట్లో ఉండిపోయిన మగవాళ్ళను ‘కెటిల్ బాయిలర్లు’ అని వెక్కిరించేవాళ్ళు, టీకి నీళ్ళు కాచేవాళ్ళని. ఆ జ్యూట్ బెంగాల్‌ది. దాన్ని మెత్తబరిచింది తిమింగలం నూనె. మా శ్రీకాకుళం వైపు జనం పనికి వెళ్ళిన, కలకత్తా దగ్గరి టిటాగఢ్ మిల్లుల్లో ఆడిందీ ఆ సరుకే.

ముత్తవ్వ తండ్రి వైపు 1851 దాకా వెళితే, పుట్టిన ఊరి గడిలో ‘ఐర్లండ్’ అని ఒక్క మాట. స్కాట్లండ్‌లో పుట్టినవాళ్ళకు పారిష్ (ఒక చర్చి కిందికొచ్చే ప్రాంతం) పేరు రాసిన గుమస్తాలు ఐరిష్‌వాళ్ళకు చాలాసార్లు అంతటితో సరిపెట్టారు. పోనీ డబ్లిన్‌లో చూద్దామంటే అక్కడి రికార్డుల భవనం 1922లో తగలబడింది. ఆ దారి మూసుకుపోయింది.

ముత్తవ్వ తల్లి వైపువాళ్ళు డండీకి దగ్గర్లోని ఫార్ఫర్ ఊరి చేనేతవాళ్ళు. 1841లో 35 ఏళ్ళవాడు 1851కి 49 అయ్యాడు. వేరే మనిషేమోనని వారం రోజులు తిరిగాను. తీరా చూస్తే, 1841లో 15 దాటినవాళ్ళ వయసును కిందున్న అయిదుకి తగ్గించి రాయమన్నారట. 39 కాస్తా 35 అయింది.

వీటన్నిటికీ తాళంచెవి జనన పత్రాలు. 1855లో రిజిస్ట్రేషన్ మొదలైనప్పటి నుంచీ అక్కడ బిడ్డ జనన పత్రంలో తల్లి పుట్టింటి ఇంటిపేరు రాస్తారు. అది ఉంటే ఆమె పుట్టింటిని వేరుగా పట్టుకోవచ్చు.

ఇది మనవడికి చెబుతుంటే, “మరి మన ఏడు తరాల్లో అమ్మలేరి తాతయ్యా?” అన్నాడు. నేను అప్పజెప్పినవన్నీ మగపేర్లే. నిన్న మా బాబాయికి ఫోన్ చేసి, ఆయన నాయనమ్మ పుట్టింటివాళ్ళ ఇంటిపేరేమిటని అడిగాను. గుర్తులేదట. ఊళ్ళో ఒక ముసలావిడను అడిగి చెబుతానన్నాడు.