బాపు సినిమాలు: నా వరస, దానికంటే ముందు చెప్పాల్సిన మాట

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకి, నరసాపురం వాసులకి నమస్కారం. ఈరోజు డిసెంబరు 15. బాపుగారు 1933లో పుట్టింది ఈ ఊళ్ళోనే కాబట్టి ఆయనెవరో మీకు నేను చెప్పక్కర్లేదండి. ఆయన సినిమాల్లో నచ్చిన అయిదింటిని వరసపెట్టి చెప్పమన్నారు, చెబుతాను.

మొదటిది ‘సాక్షి’. ‘ముత్యాలముగ్గు’ అంటాననుకున్నవాళ్ళు తొందరపడకండి, దానిది రెండో స్థానం.

‘సాక్షి’ 1967లో వచ్చింది. దర్శకుడిగా ఆయనకిదే మొదటిది. రచన ముళ్ళపూడి వెంకటరమణగారు. మన పులిదిండి గ్రామానికి వచ్చి, అక్కడి రేవు, ఇళ్ళు, మట్టిదారుల మధ్య తీశారు. పడవ నడుపుకునే కిష్టయ్య ఓ హత్య కళ్ళారా చూసి, కోర్టులో ఉన్నదున్నట్టు చెప్పేస్తాడు. శిక్ష పడ్డవాడు తిరిగొచ్చి చంపుతానంటాడు. ఆ గడియ దగ్గరపడేసరికి, అంతదాకా భుజం తట్టిన ఊరు మెల్లిగా పక్కకి తప్పుకుంటుంది. హీరో భయపడతాడండి! కృష్ణగారి మొహంలో ఆ భయాన్ని దాచకుండా చూపించారు. నా లెక్కలో ఈ సినిమా ముందుండేది అందుకే.

ఇక్కడ కాస్త ఆగాలి. ఇది చెప్పకుండా వరస చెబితే అర్థం లేదు.

బాపుగారు చిత్రకారుడు. తీయబోయే షాట్లు ముందే బొమ్మలుగా వేసుకునేవారు. మనిషి తల మీద ఎంత జాగా ఉండాలి, కాళ్ళ కింద నేల ఎంత కనపడాలి, అన్నీ ఆ గీతలోనే తేలిపోయేవి. మరి మనం చూస్తున్నదేమిటి? 1974లో ‘అల్లూరి సీతారామరాజు’ వచ్చేదాకా తెలుగులో సినిమాస్కోపు, అంటే బాగా వెడల్పాటి బొమ్మ, లేదు. అంతకుముందు సినిమాల బొమ్మ ఇంచుమించు వెడల్పు 4 పాళ్ళు, ఎత్తు 3 పాళ్ళు. ఇప్పటి టీవీ అంతకంటే వెడల్పు, 16:9. పాత బొమ్మని ఉన్నదున్నట్టు చూపిస్తే పక్కల నల్లపట్టీలు మిగులుతాయి. అవి జనానికి నచ్చవని రెండు రకాల దుర్మార్గం చేస్తున్నారు. ఒకటి, బొమ్మని అడ్డంగా సాగదీయడం. వెడల్పు మూడోవంతు పెరిగి మొహాలు ఉబ్బిపోతాయి. రెండోది, తెర నిండేదాకా పెద్దదిచేసి పైనా కిందా కోసేయడం. బొమ్మలో నాలుగోవంతు పోతుంది.

ఎలా పసిగట్టాలంటారా? హీరోయిన్ ఎదురుగా చూస్తున్న షాట్ దగ్గర ఆపి, నుదుటి మీద గుండ్రటి బొట్టు చూడండి. కోలగా పడుకున్నట్టుంటే సాగదీశారన్నమాట. బొట్టు సరిగ్గానే ఉంది, తలలు మాత్రం పైన తెగుతున్నాయంటే కోశారు. సాగదీసినదానికి మందుంది: రిమోట్‌లో పిక్చర్ సైజుకి వెళ్ళి 4:3 పెట్టండి, చక్కబడుతుంది. కోసినదానికి మాత్రం ఏ సెట్టింగూ పనిచేయదు. పోయిన బొమ్మ ఫైల్లోనే ఉండదు కదా. వేరే కాపీ వెతుక్కోవాల్సిందే. అమ్మా, అయ్యా, ఇవాళ ఇంటికెళ్ళగానే ఆ ఒక్క పనీ చేయండి!

సరే, రెండోది ‘ముత్యాలముగ్గు’. ఉత్తర రామాయణాన్ని మన కాలపు ఇంట్లోకి తెచ్చారు. 1975కి తెలుగులో ఉత్తమ చిత్రంగా, ఇషాన్ ఆర్య ఛాయాగ్రహణానికి మరొకటిగా జాతీయ పురస్కారాలొచ్చాయి. రావు గోపాలరావుగారి కంట్రాక్టరు మాటలు అందరికీ నోటికొచ్చు. ఒక్కసారి మాట తగ్గించి వెలుగుని చూడండి. నిండు చిత్రమే, అయితే విలన్ మాటల జోరులో కథానాయిక లక్ష్మి బాధ అప్పుడప్పుడూ వెనకబడుతుంది. నాకున్న ఫిర్యాదల్లా అదే.

మూడోది 1973 నాటి ‘అందాల రాముడు’. గోదావరి మీద భద్రాద్రికి లాంచీ ప్రయాణం. కోత దెబ్బ దీనికే ఎక్కువ తగులుతుంది, ఎందుకంటే కింద నీళ్ళు, మధ్యలో జనం, పైన కొండ. పైనా కిందా కోస్తే మిగిలేది జనమే. గోదావరి ఏదండీ?

నాలుగు ‘పెళ్ళిపుస్తకం’, 1991. భార్యాభర్తలు పెళ్ళికానివాళ్ళలా ఉద్యోగం చేసే కథ. రాజేంద్రప్రసాద్, దివ్యవాణి. హాయిగా సాగుతుంది. అయిదు ‘సీతాకల్యాణం’, 1976. గంగావతరణం కోసమైనా చూడాలి. ‘మనవూరి పాండవులు’ వదిలేశావేమని అడుగుతారు. బాలు మహేంద్ర కెమెరా అంటే నాకూ ఇష్టమే, కానీ కథ కన్నడ సినిమా నుంచి వచ్చింది. రీమేకులు కానివాటికే పెద్దపీట వేశాను.

చివరిగా ఒక విన్నపం. మీ అటకల మీద ఈ సినిమాల పాత సీడీలు, డీవీడీలు ఉంటే తూకానికి వేయకండి. వాటిలో కోయని బొమ్మ ఉండొచ్చు. మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి తుడవండి, గుండ్రంగా రుద్దితే గీతలు పడతాయి. డిస్కులోని ఫోల్డర్లన్నీ ఉన్నవున్నట్టు హార్డ్ డిస్కులోకి ఎక్కించండి. సైజు తగ్గించొద్దు, వేరే ఫార్మాట్‌లోకి మార్చొద్దు. అలాంటివి ఉన్నవాళ్ళు సభ అయ్యాక నా దగ్గరికి రండి, ఎవరింట్లో ఏముందో ఇవాళే రాసుకుందాం.