సర్పగంధ మెదడులో ఏం చేస్తుంది? స్టూడియో చర్చ

యాంకర్: నమస్కారమండి. నిద్ర పట్టట్లేదు, టెన్షన్‌గా ఉంది అంటే చాలు ఎవరో ఒకరు సర్పగంధ పొడి వాడి చూడు అంటున్నారు, ఆన్‌లైన్లో కూడా తెగ అమ్ముతున్నారు. వైద్యులు గారూ, ఇది నిజంగా పనిచేస్తుందా?

ఆయుర్వేద వైద్యుడు: పనిచేస్తుందండీ, అందులో డౌటే లేదు. నిద్రలేమికీ ఉన్మాదానికీ మేం వాడేది దీని వేరు, చేదంటే మామూలు చేదు కాదు. బీహార్ పల్లెల్లో దీన్ని పాగల్ కీ దవా అనేవాళ్ళు. 1931లోనే కలకత్తా డాక్టర్లు గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ బీపీ తగ్గుతుంది, ఉన్మాదమూ దిగుతుంది అని రాశారు, బయటివాళ్ళు ఎవరూ పట్టించుకోలా, అదీ నా బాధ.

ఫార్మకాలజీ ప్రొఫెసర్: 1949లో బొంబాయి డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ బ్రిటిష్ హార్ట్ జర్నల్లో రాశాక కదిలారు లెండి. 1952లో స్విట్జర్లాండ్ సీబా కంపెనీవాళ్ళు ఆ వేరులోంచి రిసర్పిన్ అనే అసలు మందు పదార్థాన్ని తీశారు.

యాంకర్: అది మెదడులో చేసే పనేంటో మాలాంటోళ్ళకి అర్థమయ్యేలా చెప్పండి సార్.

ప్రొఫెసర్: నరాల చివర్లో బుల్లి బుల్లి సంచులుంటాయి, ఒక నరం నుంచి ఇంకో నరానికి కబురు మోసే డోపమైన్, సెరటోనిన్, నార్‌అడ్రినలిన్ అనే కెమికల్స్ వాటిల్లోనే నిల్వ ఉంటాయి, వాటిని సంచిలోకి ఎక్కించడానికో పంపు ఉంటుంది, రిసర్పిన్ పోయి ఆ పంపుకి అతుక్కుంటుంది, ఇంక వదలదు. బయట మిగిలిన సరుకుని ఒక ఎంజైమ్ ముక్కలు చేసేస్తుంది. స్టాక్ ఖాళీ! అందుకే బీపీ దిగుతుంది, మనిషి నెమ్మదిస్తాడు, ముక్కు కూడా దిబ్బడేస్తుంది. మందు ఆపేసినా ఎఫెక్ట్ రోజులూ వారాలూ ఉంటుంది.

సైకియాట్రిస్ట్: నెమ్మదించడం వరకే అయితే నాకు పేచీ లేదు. 1954లో న్యూయార్క్‌లో సైకియాట్రిస్ట్ నేథన్ క్లైన్ మానసిక ఆసుపత్రి పేషెంట్లకి ఈ రిసర్పిన్ ఇస్తే గోల తగ్గింది, నిజమే, కానీ బీపీకి వాడినవాళ్ళల్లో కొందరు దేనిమీదా ఇష్టం లేకుండా, ఊరికే ఏడుస్తూ, చచ్చిపోవాలనుంది అనేదాకా వెళ్ళారని డాక్టర్లు రాశారు. డిప్రెషన్ అంటే ఈ కెమికల్స్ తగ్గడమే అన్న వాదనకి అదొక ఆధారమైంది.

ప్రొఫెసర్: అప్పట్లో డోసులు ఎక్కువ మేడమ్, తర్వాత ఆ కేసులు మళ్ళీ తిరగేస్తే లింకు అంత గట్టిగా లేదన్నవాళ్ళూ ఉన్నారు.

సైకియాట్రిస్ట్: ఒప్పుకుంటా, అందరికీ రాదు. కానీ డిప్రెషన్ హిస్టరీ ఉన్నవాళ్ళకి నేనైతే దగ్గరికి కూడా రానివ్వను.

ఆయుర్వేద వైద్యుడు: మేమూ ఇవ్వం మేడమ్. చూసి ఇచ్చే మందు ఇది, డబ్బా కొనుక్కుని చెంచాలతో మింగేది కాదు.

ప్రొఫెసర్: ఒక్క మాట, ఇది నాకు భలే ఇష్టమైన ముచ్చట. స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ అనే శాస్త్రవేత్త కుందేళ్ళకి రిసర్పిన్ ఇచ్చారు, చెవులు వాలేసి కదలకుండా పడున్నాయి, అప్పుడు మెదడులోకెళ్ళి డోపమైన్‌గా మారే ఎల్-డోపా ఇంజెక్షన్ చేస్తే కాసేపటికే లేచి తిరిగాయి. అలా ఒళ్ళు వణికి, కదలికలు మందగించే పార్కిన్సన్స్ జబ్బులో డోపమైన్ తగ్గిపోతుందన్న సంగతికి దారి దొరికింది, 2000లో నోబెల్ కూడా వచ్చింది ఆయనకి.

యాంకర్: కాలర్ లైన్లో ఉన్నారు. చెప్పమ్మా.

కాలర్: నమస్తే మేడమ్, మా నాన్నగారు బీపీకి మెటోప్రోలాల్ వేసుకుంటారు, నిద్రకని ఎవరో ఇచ్చిన సర్పగంధ పొడి కూడా మొదలెట్టారు, పొద్దున లేస్తే కళ్ళు తిరుగుతున్నాయంటున్నారు.

సైకియాట్రిస్ట్: అమ్మా, రెండూ గుండె వేగం తగ్గించేవే, కలిస్తే పల్స్ బాగా పడిపోవచ్చు. పొడి ఇవాళే ఆపించండి, బీపీ మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. పల్స్ ఎంతుందో చూశారా?

కాలర్: మిషన్లో 48 చూపించింది మేడమ్.

సైకియాట్రిస్ట్: అయితే రేపటిదాకా ఆగొద్దు, ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్ళండి, ఆ పొడి డబ్బా కూడా పట్టుకెళ్ళండి.