తనది కాని కేసు విన్న ప్లీడరు

అందరికీ నమస్కారం. నేను సాహిత్య విమర్శకుణ్ణి కాను. నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లో ప్రాక్టీసు చేసుకునే ప్లీడర్ని. అందుకే ఈ సాయంత్రం అమెరికన్ రచయిత జాన్ గ్రిషమ్ మొదటి నవల ‘ఎ టైమ్ టు కిల్’ గురించి మాట్లాడతానన్నాను. జూనియర్‌గా ఉన్న రోజుల్లో ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికింది. అప్పటి నుంచి నాతోనే ఉంది.

పదేళ్ల నల్లజాతి పాప మీద ఇద్దరు తెల్లవాళ్లు అత్యాచారం చేస్తారు. ఆ తండ్రి వాళ్లను కోర్టు భవనంలోనే కాల్చి చంపుతాడు. అతని కేసు పట్టిన కుర్ర ప్లీడరు కథ ఇది.

గ్రిషమ్ కూడా మిసిసిపీ రాష్ట్రంలో చిన్న ఊరి ప్లీడరే. 1984లో ఒకరోజు డిసోటో కౌంటీ కోర్టులో తనది కాని కేసు వింటూ కూర్చున్నారు. పన్నెండేళ్ల అమ్మాయి తనకు జరిగిన ఘోరాన్ని సాక్ష్యంగా చెబుతోంది. ఈ పిల్ల తండ్రి తుపాకీ పడితే ఏమవుతుంది? ఆ ఆలోచన ఆయన్ని వదల్లేదు. తెల్లవారుజామున ఐదింటికి లేచి, కోర్టుకు వెళ్లేలోపు రాసేవారు. మూడేళ్లు పట్టింది.

తర్వాత పాతిక మందికి పైగా ప్రచురణకర్తలు వద్దన్నారు. చివరికి 1989లో వైన్‌వుడ్ ప్రెస్ అనే చిన్న సంస్థ 5,000 కాపీలు వేసింది. అందులో 1,000 ఆయనే కొని, కారులో వేసుకుని లైబ్రరీల చుట్టూ తిరిగి అమ్ముకున్నారు. సొంత డబ్బుతో పుస్తకం అచ్చువేసి, సంచిలో మోసుకుతిరిగే మన రచయితలు ఈ హాల్లోనూ ఉన్నారు. వాళ్లకు ఆ బరువు తెలుసు.

అయితే ఆయన ఆగలేదు. మొదటి నవల రాయడం పూర్తయిన మర్నాడే రెండో నవల ‘ది ఫర్మ్’ మొదలుపెట్టారు. అది అచ్చు కాకముందే పారామౌంట్ 6,00,000 డాలర్లకు సినిమా హక్కులు కొంది. 1991లో పుస్తకం వచ్చి విపరీతంగా అమ్ముడుపోయాక, పాఠకులు మొదటి నవలను వెతుక్కుంటూ వచ్చారు.

ఒక సంగతి ప్లీడరుగా చెప్పాలి. మన దగ్గరైతే ఆ రోజు ఆయన ఆ హాల్లో కూర్చోగలిగేవారు కాదు. 1983 నేర చట్టాల సవరణ నుంచి మన దగ్గర అత్యాచార కేసుల విచారణ తలుపులు మూసి జరుపుతారు. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే 2012 పోక్సో చట్టం వచ్చాక, సాక్ష్యం చెప్పే పిల్లలకు ముద్దాయి ఎదురుపడకుండా చూడాలి. అలా ఉండటమే న్యాయం. ఆ పిల్ల మాట వినే హక్కు ఏ నవలాకారుడికీ లేదు.

అమెరికాలోలా తీర్పు చెప్పే పన్నెండు మంది సామాన్యుల జ్యూరీ కూడా మనకు లేదు. అలాంటి జ్యూరీని కన్నీళ్లు పెట్టించే ఉపన్యాసం మన జడ్జిగారి ముందు పనిచేయదు. మన కోర్టులో టెన్షన్ వేరేచోట ఉంది. పోలీసులకు అంతా చెప్పిన సాక్షి, ఏళ్ల తరబడి వాయిదాలు తిరిగి తిరిగి, చివరికి బోనెక్కి “నాకేం తెలియదండీ” అంటాడు. హాలంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోతుంది. బాధితుల తల్లి అటే చూస్తూ ఉండిపోతుంది. ఆ ఒక్క నిమిషం మీద తెలుగులో ఎవరైనా నవల రాయండి. వంద కాపీలు నేనే కొని, మా కోర్టు క్యాంటీన్‌లో అమ్మిపెడతాను.